జిగురా, బోల్టులా?

న్యూజీలాండ్ వచ్చి పన్నెండేళ్ళయినా మా ఇంట్లో బరువైన సామాను ఒక్కటీ ఉండేది కాదు. మంచాలు విప్పేవి, కుర్చీలు మడిచేవి, పుస్తకాల అరలు ఆరు మరలు తీస్తే చెక్కల కట్టగా మారిపోయేవి. హామిల్టన్‌లో అయిదు అద్దె ఇళ్ళు మారాం. ప్రతిసారీ ఒక వ్యాను, ఇద్దరు స్నేహితులు, ఒక పూట చాలింది. ఏదైనా కొనేటప్పుడు మా ఆవిడా నేనూ నోటితో అనకపోయినా ఒకటే చూసుకునేవాళ్ళం: రేపు వెళ్ళిపోవాల్సి వస్తే ఇది వారంలో అమ్ముడుపోతుందా? 2020లో అప్పు చేసి ఇల్లు కొన్నాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇల్లు మాది, సామాను మాత్రం ప్రయాణీకులది.

అలాంటి ఇంట్లోకి ఇప్పుడు 90 కిలోలు దాటిన బల్ల ఒకటి వచ్చి కూర్చుంది. నేనే చేశాను. దాని కడుపులో కంప్యూటర్ ఉంది. ఆ కంప్యూటర్ చుట్టూ చల్లబరిచే నీళ్ళు తిరుగుతుంటాయి. ఫొటో చూసిన మిత్రులు కొందరు ఎలా చేశావని అడిగారు. అది చెబుతాను. కానీ రంపం పట్టుకున్న రోజులకన్నా, పట్టుకోకుండా గ్యారేజీలో చెక్క ముక్కల మధ్య ఊరికే నిలబడ్డ రోజులు ఎక్కువ. వాటి గురించి కూడా చెప్పాలి.

ముందు అసలు అవసరం సంగతి. నా ఉద్యోగం వరదలకి లెక్కలు కట్టడం. వాన ఇంత పడితే ఏ వీధిలో ఎన్ని అడుగుల నీళ్ళు నిలుస్తాయి, ఏ కల్వర్టు పొంగుతుంది, ఏ ఇంటి గడప మునుగుతుంది అని చెప్పే నమూనాలు తయారుచేస్తాం. ఊరిని రెండు మీటర్ల గళ్ళుగా విడగొట్టి, ప్రతి గడిలోనూ నీటి లోతూ వేగమూ లెక్కేసి, క్షణం ముందుకు జరిగి మళ్ళీ లెక్కేసి, అలా పన్నెండు గంటల వానని నడిపించాలి. కోటి గళ్ళకి ఇలా లెక్కలు కట్టడానికి మామూలు ప్రాసెసర్ చాలదు. పిల్లలు ఆటలకి కొనుక్కునే గ్రాఫిక్స్ కార్డు దీనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. 2023 జనవరి 27న ఆక్లండ్ మునిగింది. రెండు వారాలు తిరిగేసరికి గాబ్రియెల్ తుపాను వచ్చి హాక్స్ బే, గిస్బోర్న్ ప్రాంతాలని కుదిపేసింది. ఆ తర్వాత మాలాంటి వాళ్ళకి ఊపిరి సలపలేదు. ఇంట్లో ఉన్న మెషిన్ రాత్రీ పగలూ నడిచింది.

నడిస్తే నడిచింది, అరిచింది కూడా. మా ఆవిడ నర్సు. వారంలో మూడు నాలుగు రాత్రులు డ్యూటీ చేసి పొద్దున వచ్చి పడుకుంటుంది. ఇక్కడి ఇళ్ళలో గదికీ గదికీ మధ్య గోడ అంటే అటొక జిబ్ బోర్డు, ఇటొక జిబ్ బోర్డు, మధ్యలో గాలి. చిన్న ఫ్యాన్లు నాలుగు పూర్తి వేగంతో తిరుగుతుంటే ఆ రొద నేరుగా ఆమె దిండు కిందికి పోయేది. "నీ గదిలో విమానం ఎన్నింటికి బయల్దేరుతుందో చెబితే నేను కూడా ఎక్కుతాను" అంది ఒకరోజు. నవ్వుతూనే అంది గానీ, కళ్ళ కింద నల్లగా ఉంది.

ఫ్యాన్ అరవడానికి కారణం గాలి బీదతనం. వేడిని మోయడంలో గాలి ఎందుకూ పనికిరాదు. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి తీసుకునే వేడిని మోయాలంటే మూడు వేల లీటర్లకు పైగా గాలి కావాలి. అందుకే గాలిని తోయాలి, తరమాలి, ఆ తరమడమే చప్పుడు. నీటికి ఆ తొందర అక్కర్లేదు. చిప్ మీద రాగి దిమ్మె, అందులోంచి నీళ్ళు, ఆ నీళ్ళు వెళ్ళి కారు రేడియేటర్ లాంటి దానిలో పారతాయి. రేడియేటర్ పెద్దదైతే దాని మీద పెద్ద ఫ్యాన్లు మెల్లగా తిరిగితే సరిపోతుంది. కొత్త సంగతేమీ కాదు. 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటర్‌ని ఏకంగా ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో ముంచే ఉంచారు, అక్వేరియంలో చేపలాగా.

పెద్ద రేడియేటర్ పెట్టాలంటే పెద్ద పెట్టె కావాలి. ఇంట్లో ఇప్పటికే ఉన్న పెద్ద పెట్టె బల్లే కదా అని కొందరు బల్లలోనే పెట్టేస్తారు. తైవాన్ కంపెనీ లియాన్ లీ అలాంటి బల్లలు తయారుచేసి అమ్మింది. అల్యూమినియం ఒళ్ళు, మీద అద్దం. చూడడానికి బావుంటుంది, కానీ దాని ముందు కూర్చుంటే బ్యాంకు కౌంటర్ దగ్గర నంబరు పిలిచే దాకా ఆగినట్టుంటుంది నాకు. నాకు చెక్క కావాలి.

ఎందుకు కావాలో మా ఊరి పేరు చెబితే కొంత తెలుస్తుంది. మాది ఇబ్రహీంపట్నం. ఒక పక్కన కొండపల్లి, ఇంకో పక్కన కృష్ణ. మధ్యలో థర్మల్ కేంద్రం. అమ్మది కొండపల్లే. ఆమె పుట్టింటి వీధిలో తెల్ల పొణికి కర్రని చెక్కి ఏనుగు అంబారీలూ, దశావతారాలూ, ఎడ్లబండ్లూ చేసేవాళ్ళు. నాన్న 1979లో, థర్మల్‌లో మొదటి 210 మెగావాట్ల యూనిట్ మొదలైన ఏడు, అక్కడ చేరి 2007లో రిటైరయ్యాడు. పని ఎక్కువకాలం కండెన్సర్, పంపుల వైపు. అంటే నీళ్ళ పని. నది నుంచి నీళ్ళు తెచ్చి, టర్బైన్ దాటొచ్చిన ఆవిరిని ఆ నీళ్ళతో చల్లార్చి, గోరువెచ్చగా అయిన నీళ్ళని కాలవలో మళ్ళీ నదికి పంపడం. బొగ్గు కాలిస్తే వచ్చే వేడిలో కరెంటు అయ్యేది మూడో వంతో ఇంకాస్తో, దాదాపు సగం ఆ నీళ్ళలోనే పోతుందని నాకు పదేళ్ళు రాకముందే చెప్పాడు. అప్పుడది నాకు దుబారాగా అనిపించేది.

ఇక కర్ర. హామిల్టన్ చుట్టుపక్కల పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే కలపని అమ్మే యార్డులు ఉన్నాయి. అక్కడ రిము దొరుకుతుంది. రిము ఈ దేశపు సొంత చెట్టు. నిదానంగా పెరుగుతుంది, వందల ఏళ్ళు బతుకుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ఇక్కడి మామూలు ఇళ్ళకి నేల పలకలూ, చట్రాలూ రిముతోనే వేసేవాళ్ళు. ఇప్పుడు ఎవరికీ అంత స్తోమత లేదు. పశ్చిమ తీరంలో ప్రభుత్వ అడవుల్లో ఈ చెట్లు కొట్టడం 2002లో ఆపేశారు. అనుమతి ఉన్న ప్రైవేటు అడవుల్లోంచి వచ్చేది కొద్దిగా, మిగతాది పాత ఇళ్ళు చచ్చిపోతూ ఇచ్చేది. నేను తెచ్చింది 1950ల నాటి ఇంట్లో నేల పలకలూ, కొన్ని దూలాలూ. ధర రాయను. మా ఆవిడ ఇది చదువుతుంది.

పలకల అంచుల్లో కొన్నిచోట్ల ఆవగింజంత చిల్లులు ఉన్నాయి. బోరర్ అని ఇక్కడి పురుగు. యార్డులో మనిషి వేలితో చూపించి, "ఇది లేత భాగమే తింటుంది, లోపలి ఎర్రటి భాగం జోలికి పోదు" అన్నాడు. మన భాషలో దానికి రెండక్షరాల మాట ఉంది, చేవ. మనుషుల గురించి అనీ అనీ, అది కర్ర మాట అని మర్చిపోయాం. చిత్రిక పట్టడం కూడా అంతే. ఎవరి కథనైనా మెచ్చుకోవాలంటే వాక్యాలు చిత్రిక పట్టినట్టున్నాయని రాసేస్తాం. నిజంగా పట్టి చూస్తే తెలిసింది, మొదటి గంటలో వచ్చేది నునుపు కాదు, నడుంనొప్పి.

మా పేటలో మెన్స్ షెడ్ ఒకటుంది. రిటైరైన మగవాళ్ళు చేరి కుర్చీలకి కాళ్ళు వేస్తూ, బడిపిల్లలకి బొమ్మలు చేస్తూ, ఎక్కువసేపు టీ తాగుతూ గడిపే చోటు. ఈ దేశంలో చాలా ఊళ్ళలో ఉన్నాయి ఇలాంటివి. పెద్ద ప్లేనర్ మెషినూ, డజన్లకొద్దీ క్లాంపులూ అక్కడ ఉంటాయి కాబట్టి శనివారాలు పోవడం మొదలుపెట్టాను. ఎనభై దాటిన మాజీ వడ్రంగి ఒకాయన నా పలకల్ని చూసి మొదట అడిగింది డిజైన్ కాదు, "మేకులు తీశావా?" అని. తీశాననుకున్నవాటిలో అయస్కాంతం పెట్టి ఇంకో పదిహేను చూపించాడు. ప్రతి మేకు పోయిన చోటా నల్లటి కన్ను. వాటిని పూడ్చడానికి రిము పొట్టులో జిగురు కలిపి ముద్ద చేస్తుంటే నవ్వొచ్చింది. కొండపల్లిలో బొమ్మ చేతుల్ని ఒంటికి అతకడానికి వాడే మక్కు ఇదే. చింతగింజల పిండీ రంపం పొట్టూ కలిపి చేస్తారు. ఫోన్లో అమ్మకి చెబితే, "మరి చింతగింజలు దొరకవా అక్కడ?" అంది.

చెక్క పనిలో నాకు బాగా నచ్చిందొకటి చెప్పాలి. కర్ర చచ్చినా ఊపిరి ఆపదు. తేమగా ఉంటే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. నిలువునా దాదాపు ఏమీ ఉండదు, అడ్డంగానే ఉంటుంది ఆ కదలిక. 800 మిల్లీమీటర్ల వెడల్పున్న బల్ల మీద ఎండాకాలానికీ చలికాలానికీ నాలుగైదు మిల్లీమీటర్లు తేడా రావచ్చు. అందుకని పైపలకని కింది చట్రానికి జిగురుతో అంటించేయకూడదు, పొడుగు చిల్లుల్లో మరలు బిగించి జరగడానికి సందు ఇవ్వాలి. లేదంటే ఏదో ఒక రాత్రి తుపాకి పేలినట్టు పగులుతుంది. ఇప్పుడు ఆ బల్లలో వేడి పుట్టే యంత్రం పెడుతున్నాం. రేడియేటర్ లోంచి వచ్చే వెచ్చటి గాలి కర్రకి నేరుగా తగిలితే ఆ పక్క మాత్రమే ఆరి పలక దోనెలాగా వంగుతుంది. అందుకే రేడియేటర్లు రెండూ వెనక అంచున పెట్టి, గాలి గోడవైపు పోయేలా చీలికలు చేశాను. పలకకి పైనా కిందా ఒకేలా నూనె పట్టించాను. కంప్యూటర్ అంతా ఒక ప్లైవుడ్ పళ్ళెం మీద కూర్చుంటుంది. ఆ పళ్ళెం బల్లకి బిగించి లేదు, ఊరికే ఆని ఉంది. గొట్టాలు కూడా మెత్తటివే వాడాను. గాజులా మెరిసే గట్టి గొట్టాలు ఫొటోలకి బావుంటాయి, కదిలే కర్రలో వాటికి పనిలేదు. పెట్టె మొత్తం బల్ల వెనక సగంలోనే ఉంది, దాని మీద అద్దం మూత. ముందు సగం మోకాళ్ళకి. (అద్దం మొత్తం బల్లంతా పరిచేవాళ్ళు చలికాలంలో మోచేతులు దానిమీద ఆనించి చూశారో లేదో తెలీదు.)

ఇంతవరకూ అన్నీ తెలిస్తే చేయగల పనులే. ఆగిపోయింది కాళ్ళ దగ్గర.

నాలుగు కాళ్ళు, వాటిని కలిపే అడ్డకమ్ములు. కాలులో గాడి తొలిచి, కమ్మి చివర నాలుకలా చెక్కి దూర్చాలి. అంతా అయ్యాక షెడ్డు పెద్దాయన అడిగాడు, "జిగురా, బోల్టులా?" బోల్టులైతే ఎప్పుడైనా విప్పి, కట్టలు కట్టి, కంటైనర్లో వేసుకోవచ్చు. కాస్త లూజవుతూ ఉంటుంది, అప్పుడప్పుడూ బిగించుకోవాలి. జిగురైతే యాభై ఏళ్ళు కదలదు. కానీ గదిలోనే అతికించాలి. మా గది తలుపు సన్నటి నడవాలోకి తెరుచుకుంటుంది. అతికించాక ఆ చట్రం ఆ మలుపు తిరగదు. బయటికి రావాలంటే కోయాల్సిందే.

"ఆలోచించి చెబుతాను" అన్నాను. ఏముంది ఇందులో ఆలోచించడానికి అన్నట్టు చూశాడాయన.

తెలుగులో ఒక సూక్ష్మం ఉంది, బయట ఉన్నవాళ్ళకి రోజూ తగిలేది. "ఎప్పుడొస్తున్నారు?" వేరు, "ఎప్పుడొచ్చేస్తున్నారు?" వేరు. మొదటిది సెలవులకి. రెండోది సామాను సర్దుకుని. ఆదివారం మాకు మధ్యాహ్నం, వాళ్ళకి పొద్దున్న అయినప్పుడు నాన్న ఫోన్ చేస్తాడు. పన్నెండేళ్ళూ ఆయన అడిగింది రెండోదే. "ఎప్పుడొచ్చేస్తార్రా?" నేను కూడా పన్నెండేళ్ళూ, "చూడాలి నాన్నా, పాప చదువు ఒక దారిన పడనీ" అని చెబుతూనే ఉన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. అలాంటి జవాబులకి బోల్టులు సరిగ్గా సరిపోతాయి.

నాలుగు వారాలు కాళ్ళూ కమ్ములూ గ్యారేజీలో గోడకి ఆనించి ఉన్నాయి. మా ఆవిడ కారు తీసేటప్పుడు వాటిని జరుపుకుంటూ వెళ్ళేది. ఒకరోజు నైట్ డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే గ్యారేజీలో నా పక్కన నిలబడి సంగతేంటని అడిగింది. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పాప మొన్న స్కూల్లో మీ ఊరేదంటే హామిల్టన్ అని రాసింది. నేను దిద్దలేదు" అంది. అని లోపలికెళ్ళి పడుకుంది.

ఆ శనివారం షెడ్డు పెద్దాయన క్లాంపులు తెచ్చాడు. గదిలో కింద పాత దుప్పటి పరిచి, జిగురు రాసి, నాలికలు గాడుల్లోకి దిగ్గొట్టి, మూలలు కొలిచి, పదకొండు క్లాంపులు బిగించాం. జిగురు ఆరేలోపు పావుగంట సమయం ఉంటుంది సరిచేసుకోవడానికి. ఆయన ఒక మూల దగ్గర సుత్తితో చిన్నగా కొట్టి, గుడ్డతో కారిన జిగురు తుడిచి, "ఇక నీది" అన్నాడు.

దీనికి పూర్తిగా ఎదురు లెక్క కంప్యూటర్‌ది. కర్ర వందేళ్ళది, గ్రాఫిక్స్ కార్డు అయిదేళ్ళది. అందుకని లోపల ఏదీ శాశ్వతంగా బిగించలేదు. గొట్టాల మధ్య నీరు కారకుండా ఊడి వచ్చే కలుపుళ్ళు రెండుచోట్ల పెట్టాను. రెండు నొక్కులు నొక్కి పళ్ళెం ఎత్తేస్తే కంప్యూటర్ మొత్తం బయటికి వచ్చేస్తుంది. లోపల పారేది డిస్టిల్డ్ వాటర్, లీటరు పైచిలుకు. దానిలో తుప్పు పట్టకుండా ఒక మందు, నాచు పట్టకుండా ఒక మందు. దిమ్మెలూ రేడియేటర్లూ అన్నీ రాగి, ఇత్తడి. చవగ్గా దొరికే అల్యూమినియం రేడియేటర్ ఒక్కటి ఆ నీటిలో కలిసినా అది బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది.

మొదట కంప్యూటర్‌కి కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే ఇరవై నాలుగు గంటలు తిప్పాలి. ప్రతి అతుకు కిందా తెల్ల కాగితం పరిచి, పాపకీ నాకూ గంటలు పంచుకున్నాం. పందొమ్మిదో గంటలో, రాత్రి రెండింటికి, ఒక అతుకు కింద రూపాయి బిళ్ళంత తడి కనబడింది. కొత్త రబ్బరు వలయంలో వెంట్రుకంత చీలిక. మార్చి, గడియారం మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టాం. రెండోసారి కాగితాలు పొడిగానే ఉన్నాయి. మెషిన్ ఆన్ చేసి, నమూనా ఒకటి ఎక్కించి, మా ఆవిడని పిలిచాను. గదిలోకొచ్చి, చెవి పెట్టి విని, "పనిచేస్తోందా అసలు?" అంది. ఇంతకన్నా ప్రశంస అక్కర్లేదు.

2024 జులైలో అమ్మా నాన్నా వచ్చారు. అది వాళ్ళు మూడోసారి రావడం. అమ్మ సూట్‌కేసులో చీరల మధ్య కొండపల్లి అంబారీ ఉంది. ఈ దేశంలోకి కర్రతో చేసింది ఏది తెచ్చినా ఫారంలో రాయాలి, రాయకపోతే 400 డాలర్ల జరిమానా. ఎయిర్‌పోర్టులో బయోసెక్యూరిటీ అమ్మాయి ఆ ఏనుగుని తిప్పి తిప్పి, చిల్లులేమైనా ఉన్నాయా అని చూసి, మావటిని మెచ్చుకుని తిరిగి ఇచ్చేసిందట. ఇప్పుడా ఏనుగు బల్ల మీదే ఉంటుంది. నాన్నకి అప్పుడు డెబ్బై అయిదు. మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. విమానంలో పద్దెనిమిది గంటలు కూర్చున్నాక ఇంకోసారి నావల్ల కాదురా అన్నాడు కారులోనే.

నా ఉద్యోగం ఏమిటో ఆయనకి ఇన్నేళ్ళలో అంతగా అర్థం కాలేదు. కంప్యూటర్ పని, అంతే. ఆ రోజు అద్దం మూత కింద చూస్తూ నిలబడ్డాడు చాలాసేపు. "ఇదేంది, పంపా?" అన్నాడు. అవునన్నాను. "ఇది ఇన్‌లెట్టు. ఇది అవుట్‌లెట్టు." అవును. "కండెన్సరుందిగా ఇట్టా, వెనకమాల. వేడి ఎక్కడికి పోతోంది?" గదిలోకి నాన్నా, అన్నాను. గోడకీ బల్లకీ మధ్య చెయ్యి పెట్టి చూశాడు. బయట పొగమంచు, రెండు డిగ్రీలు. ఆయన చెయ్యి తియ్యలేదు.

మరుసటి రోజుకి కుర్చీ అక్కడికి మారింది. శాలువా కప్పుకుని, బల్ల వెనక వెచ్చటి గాలి తగిలేలా కూర్చుని పేపర్ చదివేవాడు. నమూనా నడుస్తుంటే 500 వాట్ల వేడి, మంచి కుంపటి. మూడో రోజు అమ్మ ఇంకో సంగతి కనిపెట్టింది. హామిల్టన్ చలికాలంలో పాలు తోడుకోవు. పన్నెండేళ్ళుగా మేం ఓవెన్ లైటు వేసి, దుప్పట్లు చుట్టి నానా పాట్లూ పడుతున్నాం. రాత్రి తోడేసిన గిన్నె బల్ల వెనక పెట్టింది. పొద్దునకి కత్తితో కోసేలా పెరుగు. ఆక్లండ్‌లో ఏ వీధి మునుగుతుందో లెక్కగట్టిన వేడితో తోడుకున్న పెరుగు మేం నాలుగు నెలలు తిన్నాం.

నాన్న ఒక నోటుపుస్తకం తీసుకుని స్కేలుతో గళ్ళు గీశాడు. టైము, ఇన్‌లెట్, అవుట్‌లెట్, గది, రిమార్కులు. బల్ల అంచున రెండు ఉష్ణోగ్రతలు చూపించే చిన్న తెర ఉంది. గంటకోసారి లేచి చూసి రాసేవాడు, షిఫ్టులో ఉన్నట్టు. వారమయ్యాక పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "రెండు డిగ్రీలే తేడా వస్తోంది లోపలికీ బయటికీ. మాకు ఎనిమిదీ పదీ వచ్చేది. ఇన్ని నీళ్ళు ఎందుకు తిప్పుతున్నావ్? పంపు వేస్టు." లెక్క వేసి చూశాను. నిమిషానికి నాలుగు లీటర్లు తిరుగుతోంది. రెండుకి తగ్గించాను. తేడా మూడున్నర అయింది, చిప్ వేడి ఒక డిగ్రీ పెరిగిందంతే. రాత్రి నిశ్శబ్దంలో మిగిలి ఉన్న సన్నటి జుంకారం ఒకటి ఉండేది, అది కూడా పోయింది.

ఒక ఆదివారం ఆయన్ని హంట్లీ తీసుకెళ్ళాను, మాకు అరగంట దూరం. వైకాటో నది ఒడ్డున రెండు పెద్ద గొట్టాలతో థర్మల్ కేంద్రం. ఒక్కో పాత యూనిట్ 250 మెగావాట్లు. అవతలి ఒడ్డున కారు ఆపితే దిగి, నీళ్ళు ఎక్కడ తీసుకుంటున్నారో, ఎక్కడ వదులుతున్నారో వెతుక్కున్నాడు. నది నీళ్ళు 25 డిగ్రీలు దాటకూడదని వీళ్ళకి షరతు ఉంది, ఎండాకాలం అందుకోసం ఉత్పత్తి తగ్గించుకుంటారని చెప్పాను. గట్టిగా నవ్వాడు. "మే నెల్లో మాకు లోపలికొచ్చే కృష్ణ నీళ్ళే ముప్ఫై ఉండేయిరా" అన్నాడు. తర్వాత, "పైగా గుర్రపుడెక్క" అని, ఇన్‌టేక్ జల్లెడలకి అది అడ్డంపడి రాత్రిళ్ళు ఎట్లా పీకేవాళ్ళో ఇంటికొచ్చే దాకా చెప్పాడు. ఆయన ఉద్యోగం గురించి అంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

వెళ్ళిపోవడానికి వారం ముందు అనుకుంటాను, కింద ఏదో పడితే తీస్తూ బల్ల కిందికి చూశాడు. ఫోన్లో టార్చి వేసి ఇంకా లోపలికి చూశాడు. "ఒరే, దీనికి బోల్టులేయి?"

"లేవు నాన్నా. జిగురు."

"మరి ఓవర్‌హాలింగ్‌కి ఎట్టా విప్పుతావ్?"

"కంప్యూటర్ విడిగా వచ్చేస్తుంది. కాళ్ళు విప్పక్కర్లేదు."

"ఇల్లు మారితే?"

నేను ఏమీ అనలేదు. ఆయన లేచి, తలుపు వైపు చూసి, నడవా మలుపు వైపు చూసి, మళ్ళీ బల్లని చూశాడు. థర్మల్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు పెద్ద యంత్రాల్ని సందుల్లోంచి బయటికి లాగిన మనిషికి కొలటేపు అవసరం లేదు. పైపలక మీద అరచెయ్యి ఆనించి ఒకసారి ఊపి చూశాడు. కదల్లేదు. "గట్టిగా చేశావ్" అన్నాడు. అని గోడ గడియారం చూసి, గంటయిందని నోటుపుస్తకం తీసి ఇన్‌లెట్, అవుట్‌లెట్ రాసుకున్నాడు.

అమ్మ వంటింట్లోంచి అంతా విన్నదని నాకు తెలుసు. ఆ రాత్రి నాకు పెరుగు రెండోసారి వేసింది, అడక్కుండానే.

నవంబర్లో వెళ్ళారు. నోటుపుస్తకం బల్ల మీదే ఉంది. చివరి పేజీలో రిమార్కుల గడిలో థర్మల్ వాళ్ళు షిఫ్టు మారేటప్పుడు రాసే మాట రాసి ఉంది, ఛార్జి అప్పగించడమైనది అని, కింద సంతకం. నా సంతకానికి చోటు వదిలాడు. పాప పెట్టేసింది.

ఆదివారాలు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. చలికాలం మెత్తటి తేమకి సొరుగు ఉబ్బి బిగుసుకుపోతోందని చెబితే కొవ్వొత్తి రాయమన్నాడు. రాస్తే కదిలింది. పోయిన వారం అడిగాడు, "సంక్రాంతికి ఎప్పుడొస్తున్నారు?" అని. నాకు ఒక క్షణం పట్టింది ఆయన ఏ మాట వాడాడో గమనించడానికి. టిక్కెట్లు చూస్తున్నాం, మూడు వారాలు ఉంటాం అన్నాను.

"మూడు వారాలు మెషిన్ ఆపుతావుగా. లోడు తీసేసినాక వెంటనే పంపు ఆపమాక. పది నిమిషాలు ఒట్టిగా తిరగనియ్యి, వేడి దిగినాక ఆపు" అన్నాడు.